నోటీసు బోర్డు మీద పెళ్లి చిరునామాలు: కేంద్ర న్యాయశాఖకు, రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల రిజిస్ట్రేషన్ల శాఖ మంత్రులకు, మన 42 మంది లోక్‌సభ సభ్యులకు, రెండు శాసనసభల సభ్యులకు

నమస్కారం.

నేను రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని బతికే డాక్యుమెంట్ రైటర్‌ని. పొలాల అమ్మకాలు, గిఫ్ట్ డీడ్లు, ఇళ్ల తనఖాలు మా రోజువారీ పని. వాటి మధ్యలో పెళ్లి కాగితాలు కూడా రాస్తాం. ఈ లేఖ ఆ కాగితాల గురించే. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకునేవాళ్ల పేర్లు, చిరునామాలు ముప్పై రోజులు అందరికీ కనబడేలా అంటించే పద్ధతి గురించి.

ఇదే సంగతి మేం కొందరం అర్జీగా రాసి జిల్లా అధికారులకు ఇచ్చాం. "చట్టంలో అలాగే ఉంది, మా చేతుల్లో ఏమీ లేదు" అన్నారు. అది నిజమే, వాళ్లను తప్పుపట్టడం లేదు. పైవాళ్లకు రాస్తే రసీదు వచ్చింది గానీ జవాబు రాలేదు. చట్టం మార్చగలవాళ్లు మీరు కాబట్టి ఇప్పుడు నేరుగా మీకు, పదిమందీ చదివేలా రాస్తున్నాను.

ముందు చట్టం ఏం చెబుతుందో క్లుప్తంగా చెబుతాను. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తెలియనివాళ్లు ఎక్కువమంది ఉన్నారని మా బల్ల దగ్గర రోజూ తెలుస్తుంది.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఏ మతంవాళ్లయినా, ఏ కులంవాళ్లయినా మతం మారకుండా, పురోహితుడో పాస్టరో ఖాజీయో లేకుండా పెళ్లి చేసుకోవడానికి దేశం ఇచ్చిన దారి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో అంతకుముందు 30 రోజులు ఉండాలి. అప్పుడు సెక్షన్ 5 కింద నోటీసు ఇవ్వాలి. అందులో ఇద్దరి పేర్లు, వయసు, వృత్తి, ఉంటున్న చిరునామా, సొంత ఊరి చిరునామా రాయాలి. సెక్షన్ 6 ప్రకారం అది నోటీసుల పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ పుస్తకాన్ని ఎవరైనా వచ్చి పైసా ఫీజు లేకుండా చూడొచ్చు. ఒక కాపీ ఆఫీసులో అందరికీ కనబడేచోట అంటిస్తారు. ఇద్దరిలో ఎవరి సొంత ఊరైనా వేరే జిల్లాలో ఉంటే ఆ జిల్లా ఆఫీసుకు కూడా కాపీ పంపి అక్కడా అంటించాలి. సెక్షన్ 7 కింద ముప్పై రోజుల్లో "ఎవరైనా" అభ్యంతరం చెప్పొచ్చు. తల్లిదండ్రులే చెప్పాలని లేదు. పక్కింటివాడు చెప్పొచ్చు, ఏదో సంఘం కండువా వేసుకొచ్చినవాడు చెప్పొచ్చు. అభ్యంతరం వస్తే విచారణకు మరో ముప్పై రోజుల దాకా పడుతుంది.

అభ్యంతరానికి చట్టం ఒప్పుకునే కారణాలు మాత్రం నాలుగే: ఇద్దరిలో ఒకరికి ఇప్పటికే భార్యో భర్తో ఉండటం, సమ్మతి ఇవ్వగలిగే మానసిక స్థితి లేకపోవడం, వయసు చాలకపోవడం, నిషిద్ధ బంధుత్వం (పెళ్లికి చట్టం ఒప్పుకోని దగ్గరి చుట్టరికం). కులం వేరు, మతం వేరు, మాకు ఇష్టం లేదు అన్నవి ఆ జాబితాలో లేవు. కానీ బోర్డు చూసి పరిగెత్తుకొచ్చేవాళ్లలో ఈ నాలుగు కారణాల కోసం వచ్చినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

ఇంకొక్క సంగతి. ఈ చట్టానికి ముందు బ్రిటిషువాళ్ల కాలంలో 1872 చట్టం ఉండేది. దాని కింద పెళ్లాడాలంటే నాకు ఫలానా మతాలు వేటిలోనూ నమ్మకం లేదని ప్రకటించాల్సి వచ్చేది. 1923 సవరణ హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులకు ఆ బాధ తప్పించింది. ఇక నోటీసు గడువు చూడండి. 1872లో అది 14 రోజులు. స్వతంత్ర భారతదేశం దాన్ని 30 చేసింది. తెల్లవాడు రెండు వారాలతో సరిపెట్టుకున్నచోట మనవాళ్లకు నెల ఎందుకు కావాల్సి వచ్చిందో నాకు అర్థం కాలేదు.

హిందూ వివాహ చట్టం కింద గుళ్లో తాళి కట్టి రిజిస్టర్ చేయించుకునేవాళ్లకు ఈ ముందస్తు నోటీసు లేదు. నిఖాకు లేదు. క్రైస్తవుల్లో ప్రకటన చదవడం ఉంది గానీ అది వాళ్ల సంఘంలో, వాళ్లను ఎరిగినవాళ్ల మధ్య. ప్రభుత్వ ఆఫీసు గోడమీద ఊరందరికీ చూపించి "మీకేమైనా అభ్యంతరమా" అని అడగడం, ప్రభుత్వాన్ని నమ్ముకుని వచ్చిన ఈ జంటలకే రాసిపెట్టినట్టుంది.

దీనివల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో వరసగా చెబుతాను.

1. ముప్పై రోజులు దాక్కోవాలి. నోటీసు ఇచ్చిన రోజు నుంచి ఆ జంటకు టెన్షన్ మొదలవుతుంది. గుంటూరు జిల్లా పల్లెనుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి ఉందనుకోండి. ఇక్కడ నోటీసు ఇస్తే కాపీ సొంత జిల్లా ఆఫీసుకు వెళ్తుంది. అక్కడ ఏదో పొలం పని మీద వచ్చిన మేనమామ కంటపడితే చాలు, సాయంత్రానికి ఇంట్లో తెలుస్తుంది. మర్నాడు హాస్టల్ ముందు కారు ఆగుతుంది. "అమ్మమ్మకు సీరియస్‌గా ఉంది, ఒక్కసారి రా" అని ఫోన్ వస్తుంది. ఈ మాటతో వెళ్లి మళ్లీ రాని అమ్మాయిల కాగితాలు మా దగ్గర ఫైళ్లలో అలాగే ఉండిపోయాయి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్లి జరగకపోతే అది చెల్లదు, మళ్లీ మొదటి నుంచి రావాలి. ఆ ముప్పై రోజుల్లో అబ్బాయి మీద కిడ్నాప్ కేసో, అమ్మాయి పేరున మిస్సింగ్ కేసో పడుతుంది. ఇద్దరూ మేజర్లని ఆధార్ చూపించినా స్టేషన్‌లో "కౌన్సెలింగ్" పేరుతో పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చోబెడతారు. పెద్దమనుషులు వస్తారు. చివరికి అమ్మాయి ఏడుస్తూ "మా నాన్నతో వెళ్తాను" అంటుంది. దాన్ని ఇష్టపూర్వకంగా వెళ్లిందని రాస్తారు.

2. జంటలు అడ్డదారులు వెతుక్కుంటాయి. నెలరోజులు ఆగలేనివాళ్లు మా దగ్గరికి వచ్చి "అన్నా, వంద రూపాయల బాండ్ పేపర్ మీద పెళ్లి రాసివ్వు, నోటరీ చేయించుకుంటాం" అంటారు. ఆ కాగితం పెళ్లి కాదని చెబితే పక్క బల్లకు వెళ్తారు. అక్కడ రాసిచ్చేవాళ్లు ఉన్నారు, మా వృత్తికి అది సిగ్గుచేటే. రేపు వాడు వదిలేస్తే ఆ అమ్మాయి చేతిలో మిగిలేది స్టాంపు ఉన్న చిత్తుకాగితం. భార్య అని నిరూపించుకోవడానికి కోర్టు చుట్టూ తిరగాలి.

3. మతం మారని పెళ్లి కోసం పెట్టిన చట్టమే మతం మారేలా చేస్తోంది. ఇద్దరివీ వేర్వేరు మతాలైతే, ఈ నోటీసు తప్పించుకోవడానికి ఒకరు మతం మారి రెండోవారి పద్ధతిలో పెళ్లి చేసుకుంటున్నారు. మతమార్పిడి పెళ్లిళ్ల మీద సభల్లో గట్టిగా మాట్లాడే నాయకులకు నా మనవి. మీరు నిజంగా దాన్ని ఆపాలనుకుంటే మీ పార్టీవాళ్లే ముందు ఈ సవరణ అడగాలి. ఎవరి మతంలో వాళ్లుండి పెళ్లి చేసుకోవడానికి అన్ని మతాలవాళ్లకూ తెరిచిన దారి దేశంలో ఇదొక్కటే, దాని గుమ్మంలోనే మీరు ముళ్లకంప వేశారు.

4. విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇది దాదాపు మూసుకుపోయిన దారి. డల్లాస్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో పనిచేస్తూ అక్కడి అమ్మాయిని ఇక్కడ పెళ్లి చేసుకుందామని వచ్చేవాళ్లకు సెలవు రెండు మూడు వారాలు. జిల్లాలో 30 రోజుల నివాసం, ఆపైన 30 రోజుల నోటీసు. ఇద్దరిలో ఏ ఒక్కరూ ఇక్కడ నెలరోజుల ముందు నుంచి లేకపోతే లెక్క కుదరదు. ఈ జంటల తల్లిదండ్రులు చాలాసార్లు సంతోషంగా వెంటే వస్తారు. అయినా మేం చేయగలిగింది లేదు.

5. చిల్లర దందా. నోటీసు ఫోటో తీసి ఎవరికో పంపితే డబ్బులొస్తాయి. కొన్నిచోట్ల అమ్మాయి ఇంటికి కబురు చేరవేయడమే ఒక ఆదాయం. పుస్తకం చూడటానికి చట్టమే అందరికీ హక్కు ఇచ్చింది కాబట్టి ఎవరినీ పట్టుకోలేం. ఉత్తిపుణ్యానికి దురుద్దేశంతో అభ్యంతరం పెట్టినవాడి మీద చట్టం వేయగలిగే ఖర్చులు గరిష్ఠంగా వెయ్యి రూపాయలు. 1954లో వెయ్యి అంటే పెద్ద మొత్తమే. ఇవాళ అది ఇద్దరు హోటల్లో భోంచేస్తే అయిపోతుంది.

కులాంతర, మతాంతర వివాహాల హత్యల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అతిశయోక్తికి తావివ్వకూడదు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్య కళ్లముందే ఆసుపత్రి బయట ఒక దళిత యువకుణ్ని నరికి చంపారు. 2022 మే 4న సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద మరో దళిత యువకుడు, భార్య తరఫువాళ్ల చేతుల్లో చనిపోయాడు. ఈ రెండు జంటలూ ప్రత్యేక వివాహ చట్టం జోలికి వెళ్లలేదు, ఆర్యసమాజ్ పద్ధతిలో పెళ్లి చేసుకున్నాయి. నోటీసువల్ల ఆ హత్యలు జరిగాయని నేను అనను. ఎక్కడున్నారో తెలిస్తే ఏం చేయగలరో ఆ రెండు చావులూ చూపించాయి. ఆ సంగతి తెలిసిన ప్రభుత్వం అలాంటి జంటల చిరునామాలను తన గోడమీద తానే ఎలా అంటిస్తుంది? మిర్యాలగూడ కేసులో నల్లగొండ కోర్టు 2025 మార్చిలో ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆరున్నరేళ్లు పట్టింది. శిక్ష పడటం మంచిదే, చనిపోయినవాడికి దానితో పనిలేదు.

ఇంకో విచిత్రం. కులాంతర వివాహం చేసుకున్న జంటలో ఒకరు ఎస్సీ అయితే కేంద్రం 2013లో అంబేద్కర్ పేరుతో రెండున్నర లక్షల ప్రోత్సాహకం మొదలుపెట్టింది. తెలంగాణ కూడా తన పథకంలో మొత్తాన్ని రెండున్నర లక్షలకు పెంచింది. అంటే ఈ పెళ్లిళ్లు జరగాలనే ప్రభుత్వ విధానం. పెళ్లయ్యాక డబ్బు ఇస్తారు సరే, పెళ్లయ్యేదాకా బతకనివ్వడం ఏ శాఖ బాధ్యత?

మీరు వేసే ప్రశ్నలు నాకు తెలుసు. ఆఫీసులో రోజూ వినేవే.

"ముందే పెళ్లయినవాడు మోసం చేస్తే?" న్యాయమైన ప్రశ్న. ఆడపిల్ల తండ్రిగా నాకూ ఆ భయం ఉంది. కానీ మోసగాడు తెలివైనవాడైతే నోటీసు లేని గుళ్లో పెళ్లి చేసుకుంటాడు గానీ నెలరోజులు తన పేరు, చిరునామా గోడమీద పెట్టించుకుంటాడా? మొదటి భార్య అనంతపురంలో ఉంటే, ఆమె వచ్చి ఆఫీసు బోర్డులు చదువుతూ కూర్చుంటుందా? రెండో పెళ్లి ఇప్పటికే నేరం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద ఏడేళ్ల దాకా, మొదటి పెళ్లి దాచిపెట్టి చేసుకుంటే పదేళ్ల దాకా జైలు. ఆ పెళ్లి చెల్లదని ప్రత్యేక వివాహ చట్టమే చెబుతోంది. ఇద్దరి దగ్గరా ప్రమాణపత్రం తీసుకోండి, రాష్ట్రాల వివాహ రిజిస్టర్లు కంప్యూటర్‌లో ఉన్నాయి, ఆధార్ ఉంది, వాటిలో వెతికించండి. పొలం కొనేటప్పుడు ఈసీ (ఆ ఆస్తి మీద పాత లావాదేవీలు చూపే పత్రం) తీసి చూస్తాం గదా, ఊరంతా దండోరా వేయించం.

"తల్లిదండ్రులకు తెలియొద్దా?" తెలియాలి. చెప్పాల్సింది పిల్లలు, ప్రభుత్వం కాదు. పద్దెనిమిదేళ్లకు ఓటు వేసి మిమ్మల్ని ఎన్నుకోవడానికి ఏ తండ్రి అనుమతీ అడగలేదు. పెళ్లికి ఇద్దరు మేజర్ల సమ్మతి చాలు, కుటుంబం, కులం, వంశం అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో తేల్చింది, 2021లో లక్ష్మీబాయి కేసులో మళ్లీ చెప్పింది.

ఇవి నా సొంత కవిత్వం కాదు. చట్టాల మీద కేంద్రానికి సలహా ఇచ్చే లా కమిషన్ 2012లో 242వ నివేదికలో నోటీసుకూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య గడువు తీసేయాలని, నివాస నిబంధన కూడా వద్దని రాసింది. 2018 ఆగస్టులో కుటుంబ చట్టాల మీద ఇచ్చిన పత్రంలోనూ ఈ ముప్పై రోజుల సంగతి ఎత్తింది. 2009లో ఢిల్లీ హైకోర్టు, ఇళ్లకు నోటీసులు పోస్టులో పంపడం చట్టంలో లేదని ఆపించింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కన్నారు. దాన్నే ఆధారం చేసుకుని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, జంట రాతపూర్వకంగా కోరితేనే నోటీసు ప్రకటించాలని, కోరకపోతే ప్రకటించొద్దని తీర్పిచ్చింది. కేరళ 2020లో నోటీసులను వెబ్‌సైట్‌లో పెట్టడం మానేసింది, వాటిని వాట్సాప్‌లో తిప్పి మతద్వేష ప్రచారానికి వాడుతున్నారని. 2023 అక్టోబరు 17న స్వలింగ వివాహాల కేసులో ఈ చట్టాన్ని తిరగరాయడం కోర్టు పని కాదు, చట్టసభలదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పెద్ద చర్చ వేరు, ఈ లేఖలో దాన్ని కలపను. బంతి మీ దగ్గరే ఉందనడానికి మాత్రం చెబుతున్నాను.

పైగా గాలి ఎటు వీస్తోందో చూస్తే భయమేస్తోంది. 2025 జనవరి 27 నుంచి ఉత్తరాఖండ్‌లో ఉమ్మడి పౌరస్మృతి అమల్లోకి వచ్చింది. అందులో సహజీవనం కూడా రిజిస్టర్ చేయించాలి, ఇద్దరిలో ఎవరికైనా 21 నిండకపోతే తల్లిదండ్రులకు కబురు వెళ్తుంది. మిగతా రాష్ట్రాలు దాన్ని చూసి రాసుకుందాం అనుకుంటున్న రోజులివి. మన రాష్ట్రాలు ఎటు నిలబడతాయో ఇప్పుడే తేల్చుకోవాలి.

పెళ్లి, విడాకులు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, అంటే కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయొచ్చు. రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రాలు సవరణ తెచ్చుకోవచ్చు. ఢిల్లీ కోసం ఎదురుచూడక్కర్లేదని మనకంటే ఎవరికి తెలుసు? ఆడపిల్లకు పుట్టుకతో ఉమ్మడి ఆస్తిలో వాటా అని ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు చేసింది. కేంద్రం ఆ పని చేసింది 2005లో. అప్పుడూ కొంపలు కూలిపోతాయన్నారు. ఆ వాటాల దస్తావేజులు రాసింది మేమే, ఏ కొంపా కూలలేదు. అంతకుముందు సంగతి కూడా ఉంది. వితంతు వివాహ చట్టం 1856లో వస్తే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి పెళ్లి చేయించింది 1881 డిసెంబరు 11న. కాగితం మీది హక్కు మనిషిదాకా రావడానికి పాతికేళ్లు పట్టింది. ప్రత్యేక వివాహ చట్టానికి డెబ్బై దాటాయి.

మా డిమాండ్లు ఇవి.

1. పార్లమెంటు ప్రత్యేక వివాహ చట్టంలో సెక్షన్ 5 నుంచి 10 వరకు సవరించి, బహిరంగ ప్రకటన, ఎవరైనా అభ్యంతరం చెప్పే పద్ధతి, 30 రోజుల నిరీక్షణ తీసేయాలి. వయసు, పూర్వ వివాహం అధికారి తన రికార్డుల్లోనే పరిశీలించాలి. మన 42 మంది ఎంపీల్లో ఒక్కరైనా ప్రైవేటు బిల్లు పెట్టండి.

2. కేంద్రం ఆలస్యం చేస్తే రెండు రాష్ట్రాలు సొంత సవరణ తేవాలి.

3. సవరణ వచ్చేదాకా, అలహాబాద్ హైకోర్టు చెప్పినట్టు జంట కోరకపోతే నోటీసు బోర్డు మీద పెట్టకుండా రిజిస్ట్రేషన్ల శాఖలు సర్క్యులర్ ఇవ్వొచ్చేమో అడ్వకేట్ జనరల్ అభిప్రాయం తీసుకోవాలి. అది కుదరదంటే కనీసం ఇవైనా చేయాలి: ఆన్‌లైన్‌లో పెట్టకూడదు, ఫోటోలు తీయనివ్వకూడదు, పుస్తకం చూసినవాళ్ల పేరు, ఆధార్, సమయం రాసుకోవాలి. ఈ చివరిదానికి ఏ చట్టం మార్చక్కర్లేదు, ఒక రిజిస్టరు, ఒక పెన్ను చాలు.

4. తల్లిదండ్రుల సంతకం కావాలని, వాళ్లను సాక్షులుగా తెమ్మని అడిగే అధికారి మీద చర్య తీసుకోవాలి. చట్టం అడిగేది ముగ్గురు సాక్షులను. వాళ్లు ఎవరైనా కావొచ్చు.

5. శక్తివాహిని తీర్పు ఇలాంటి జంటల రక్షణకు పెట్టమని చెప్పిన ప్రత్యేక విభాగం, 24 గంటల హెల్ప్‌లైన్, రక్షణ గృహం మీ ఏ జిల్లాలో ఉన్నాయో, నంబరు ఏమిటో ప్రతి రిజిస్ట్రేషన్ ఆఫీసు బోర్డు మీద రాయాలి. అంటించాల్సింది అది. లేని జిల్లాలకు ఎప్పటిలోగా పెడతారో తేదీ చెప్పాలి.

6. ఇద్దరూ మేజర్లని తేలిన కేసులో స్టేషన్‌కు పిలిపించి పంచాయితీ చేసే పద్ధతి ఆపాలి. అమ్మాయి వాంగ్మూలం మేజిస్ట్రేటు ముందే జరగాలి, ఎదురుగా పెద్దమనుషులు కూర్చుని ఉండగా కాదు.

మూడు, నాలుగు, ఐదు, ఆరు డిమాండ్లకు అసెంబ్లీ సమావేశాలు అక్కర్లేదు, ఉత్తర్వులు చాలు. వాటి మీద ఏ నిర్ణయం తీసుకున్నారో, తీసుకోకపోతే ఎందుకో, రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ల శాఖలు మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ప్రకటించాలని కోరుతున్నాం. ఈలోగా ఈ లేఖ కాపీలు జిల్లాలవారీగా సంతకాలతో కలెక్టర్లకు అందజేస్తాం.

ఇట్లు,
రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట పనిచేసే ఒక డాక్యుమెంట్ రైటర్, సాక్షి సంతకాలు పెట్టిన కొందరు మిత్రులు